కోయని తల

గొర్రెలను కాల్చి చంపిన రోజున సైనికులకు ఒక ఇబ్బంది వచ్చింది. అవి గొయ్యి వైపు కదలలేదు. తెల్ల సూట్లలో ఉన్న మనుషులను చూసి బెదిరి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి జరిగాయి. అప్పుడు వాటి కాపరి ఒరాజ్‌బాయ్ ముందుకు వచ్చి, రోజూ సాయంత్రం వాటిని ఇంటికి పిలిచే చప్పుడు నోటితో చేశాడు. ఆరువందల గొర్రెలూ అతని వెంట నడిచాయి. గొయ్యి అంచు దాకా నడిపించి అతను పక్కకు తప్పుకున్నాడు.

ఆ తర్వాత ఒరాజ్‌బాయ్ ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఖాళీ దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

తమ్ముడు కెన్జెబెక్ గూఢచారి విభాగంలో కెప్టెన్. వేరే దేశంలో వేరే పేరుతో ఉండడం వల్ల అంత్యక్రియలకు అందలేదు. ఏడో రోజు భోజనాలకు వచ్చాడు. అదే రోజు రాజధాని నుంచి అతని పై అధికారి కల్నల్ శోల్పన్ కూడా వచ్చింది. వదినను పలకరించి, అందరితో పాటు నాలుగు ముద్దలు తిని, అతన్ని దొడ్డి వెనక్కి తీసుకెళ్లింది.

"మీ అన్న మందకు గాలికుంటు జబ్బు దానంతటదే రాలేదు. ఎవరో తెచ్చి అంటించారు."

"ఎవరు?" అన్నాడు కెన్జెబెక్.

"విదేశీ ముఠా. సముద్రం అవతల నుంచి మాంసం అమ్మే వ్యాపారులు. మన మాంసం కొనడానికి ఒక పెద్ద దేశం ఇరవై ఏళ్ల ఒప్పందానికి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. తాష్‌బులాక్ లోయలో ఒక్క పశువుకు కూడా గాలికుంటు ఉండకూడదు. ఉంటే ఒప్పందం పోతుంది, మందలు గోతుల్లోకి పోతాయి, మేత భూములు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీ భూముల్ని లీజుకు తీసుకోవడానికి వాళ్ల కంపెనీ కాగితాలు ముందే రాసి పెట్టుకుంది."

"మా లోయ ఒప్పందంలో లేదు కదా అక్కా?"

"లేదు. మీ దగ్గర చేసి చూసుకున్నారు, పని చేస్తుందా లేదా అని. అసలు దెబ్బ తాష్‌బులాక్‌లో. శుక్రవారం తనిఖీ."

"అక్కడ ఎన్ని ఇళ్లు?"

"నూట నలభై. అందరివీ గొర్రెలే."

ముఠాను అడ్డుకోవడానికి విభాగం వేసిన పథకానికి పేరు ‘ఆపరేషన్ ఉప్పు’. ముఠా లోపల విభాగానికి ఒక మనిషి ఉన్నాడు. పేరు ఆల్దియార్, రహస్య నామం ‘ఏకాకి’. పైకి ముఠా కంపెనీకి స్థానిక ప్రతినిధి, లోపల మన ఏజెంట్.

"అనాథాశ్రమంలో పెరిగాడు. ముందూ వెనకా ఎవరూ లేరు. బెదిరిద్దామన్నా వాళ్లకు పట్టు దొరకదు. అందుకే నమ్ముతున్నాం" అంది శోల్పన్.

బుధవారం పొద్దున కెన్జెబెక్ డ్రైవరు వేషంలో తాష్‌బులాక్ చేరాడు. అడుగున దొంగ అర ఉన్న ఫ్లాస్కు ఒకటి వెంట తెచ్చుకున్నాడు. పైన టీ, కింద వైరస్‌ను పావుగంటలో పట్టే పరీక్ష పట్టీలు. పశువుల క్వారంటైన్ దొడ్ల ముందు ఒంటెబొచ్చు కోటు వేసుకుని నిలబడ్డ మనిషిని సమీపించాడు.

"ఈ దారిలో పెట్రోలు బంకు ఉందా అన్నా?"

"ఉంది కానీ, పెళ్లని మూసేశారు." కోడ్ సరిపోయింది. ఆల్దియార్ నవ్వాడు. ఆ నవ్వుకు పాలు పితుకుతున్న ఆడవాళ్లు ఇద్దరు తల తిప్పి చూశారు. అతనికి ఐదు భాషలు వచ్చు. ఏ దేశం వాడితో మాట్లాడితే ఆ దేశం సెంటు పూసుకొస్తాడని అల్మాటీ నగరంలో చెప్పుకుంటారు.

"ఏం తమ్ముడూ, ఇంతకంటే మంచి చొక్కా ఇవ్వలేదా మీ వాళ్లు?"

"డ్రైవర్ని కదా అన్నా."

"డ్రైవరైతే మాత్రం, గుర్రాలు చూసి బెదరవూ?" గొంతు తగ్గించాడు. "శుక్రవారం పదకొండుకి, సరిహద్దు రైల్వే యార్డులో, నీలం రంగు శీతల కంటైనర్. సరుకు అందులో వస్తుంది. మీ బలగం మొత్తం అక్కడ ఉండాలి. ఒక్కడు తగ్గినా తప్పించుకుంటారు."

కెన్జెబెక్ కబురు పంపాడు. శోల్పన్ రెండు దళాలనూ ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్న యార్డుకు తరలించింది. దొడ్ల దగ్గర ఇద్దరు కాపలావాళ్లు మిగిలారు.

గురువారం మధ్యాహ్నం ఊరి పెద్ద అబీష్ విందు ఇచ్చాడు. గొర్రెను కోశాడు. డ్రైవరు కాబట్టి కెన్జెబెక్‌కు గుమ్మం దగ్గర చోటు దొరికింది. ఉడికించిన తలను పళ్లెంలో పెట్టి, మూతి అతిథి వైపు తిప్పి, అబీష్ దాన్ని ఆల్దియార్ ముందు ఉంచాడు.

"మా మాంసాన్ని దేశాలు దాటిస్తున్న పెద్దమనిషివి. నువ్వే కొయ్యాలి బాబూ."

ఆల్దియార్ చెయ్యి కత్తి దాకా వెళ్లి ఆగింది. పళ్లేన్ని పక్కనున్న పశువైద్యుడి వైపు నెమ్మదిగా జరిపాడు.

"మీరు పెద్దవారు. మీరుండగా నేనేంటి?"

"నేను పెద్దేంటయ్యా, నీకంటే రెండేళ్లు చిన్న!" అన్నాడు పశువైద్యుడు.

"పన్ను నొప్పి."

"తినమన్నారా నిన్ను? కొయ్యమన్నారు" అంది అబీష్ భార్య టీ కాచే సమోవార్ దగ్గర నుంచి. "కొత్త పెళ్లికూతురు కూడా ఇంత సిగ్గుపడదు!" అందరూ నవ్వారు. పశువైద్యుడు తల కోశాడు.

కెన్జెబెక్ నవ్వలేదు. తండ్రి బతికి ఉన్నవాడు గొర్రె తల మీద కత్తి పెట్టడు. పెడితే తండ్రి చావు కోరినట్టు. ఈ స్టెప్పీ గడ్డి మైదానంలో పుట్టినవాడు దొంగైనా, తాగుబోతైనా, ఐదు భాషల్లో అబద్ధాలాడేవాడైనా ఆ పని చెయ్యడు. తన తండ్రి చనిపోయిన ఏడాది అన్న ఒరాజ్‌బాయ్ మొదటిసారి తల కోసి, దొడ్డి వెనక్కి వెళ్లి ఏడ్చాడు.

అనాథకు ఈ పట్టింపు ఎందుకు?

ఆ సాయంత్రమే అతను ఈ ప్రశ్న శోల్పన్‌కు పంపాడు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఆమె ఫోన్ చేసింది.

"తండ్రి ఉన్నాడు. పేరు తోకెన్. ఆరేళ్లుగా పరాయి దేశంలో, ముఠా నడిపే వృద్ధాశ్రమంలో మంచం మీద ఉన్నాడు. అనాథ కథ వాళ్లు అల్లిందే. మనవాడు నోరు విప్పాడని తెలిస్తే ముసలాణ్ని ఉంచరు."

"మనం తీసుకు రాలేమా?"

"మన చెయ్యి అందదు."

"అయితే యార్డులో ఏమీ లేదు."

"లేదు. దళాలు తిరిగి రావడానికి రెండు గంటల పైనే పడుతుంది. తనిఖీ వాళ్లు పదకొండుకి వచ్చేస్తారు. అతనితో ఏం చేస్తావో నాకు చెప్పకు కెన్జెబెక్."

కెన్జెబెక్ కనిపించిన చోటల్లా వెతికాడు. దాణా, ఉప్పు గడ్డలు, నీళ్ల తొట్లు. పట్టీల మీద ఒక్క గీతే వచ్చింది, అంటే వైరస్ లేదు. పదిన్నరకు కాపలావాళ్లతో ఆల్దియార్‌ను గడ్డి కొట్టంలోకి లాక్కొచ్చాడు.

"కొట్టు తమ్ముడూ" అన్నాడు ఆల్దియార్, కోటు దులుపుకుంటూ. "డ్రైవరు దెబ్బలు ఎలా ఉంటాయో చూద్దాం. అరగంట ఓర్చుకోగలను."

కెన్జెబెక్ కొట్టలేదు. వంటింట్లో తనిఖీ వాళ్ల భోజనానికి ఉడికించిన తల ఉంది. దాన్ని తెప్పించి, మూతి అతని వైపు తిప్పి, గడ్డి మోపు మీద పెట్టాడు. పక్కన కత్తి పెట్టాడు.

"ఫోన్ వచ్చింది. తోకెన్ గురించి. ఇప్పుడు నువ్వు కొయ్యొచ్చు."

ఆల్దియార్ ముఖంలో నవ్వు పోవడానికి కొంచెం సమయం పట్టింది.

"ఎప్పుడు?"

"పొద్దున."

"వాళ్లేనా?"

కెన్జెబెక్ కత్తిని అతని వైపు జరిపాడు. ఆల్దియార్ కత్తి అందుకున్నాడు. కాపలావాళ్లు తుపాకులు ఎత్తారు. అతను వాళ్లను చూడలేదు. కుడి చెంప నుంచి సన్నటి ముక్క కోసి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగాడు. బతికున్న తండ్రి కొడుకు తల కోస్తుంటే కెన్జెబెక్ చూస్తూ నిలబడ్డాడు.

"గేటు దగ్గర, బండి చక్రాలు తడిపే మందు తొట్టి" అన్నాడు ఆల్దియార్. "మందు తీసేసి, అదే రంగు, అదే వాసన ఉన్న నీళ్లు పోశాను. మొత్తం వైరసే. తనిఖీ బండి దాని మీదుగా వచ్చి, వాళ్ల చక్రాలతోనే, వాళ్ల బూట్లతోనే దొడ్లలోకి తెస్తుంది. నేరం కూడా వాళ్లదే అవుతుంది."

కెన్జెబెక్ పరిగెత్తాడు. తనిఖీ వాళ్ల తెల్ల వ్యాను మలుపు తిరిగింది. గేటు తెరిచే ఉంది. తొట్టికి ఇవతల నుంచి అరిస్తే వినిపించలేదు. గోడ దూకి రోడ్డు మీదికి వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి. బంపరు మోకాళ్లకు తగిలి అతను వెల్లకిలా పడ్డాడు. తొట్టి అంచు అతని తలకు జానెడు దూరంలో ఉంది.

అద్దం దించిన విదేశీ అధికారి ముఖం ఎర్రగా ఉంది.

"గేటు చెడిపోయిందయ్యా" అన్నాడు కెన్జెబెక్ పడుకునే. "వెనక వైపు నుంచి రండి."

వ్యాను వెళ్లాక ఫ్లాస్కు తెచ్చి పట్టీ ముంచాడు. పావుగంటలో రెండు ఎర్ర గీతలు వచ్చాయి. తొట్టిలో రెండు బస్తాల కాస్టిక్ సోడా కుమ్మరించాడు. వెనక దారిలో కొత్తగా పోయించిన మందు తొక్కి లోపలికి వెళ్లిన తనిఖీ వాళ్లు, మందల్లో జబ్బు లేదని రాశారు. గేటు నిర్వహణ బాగోలేదని కూడా రాశారు.

సాయంత్రం శోల్పన్ స్వయంగా వచ్చింది. కారు దిగకుండానే చెప్పింది.

"ముసలాయన పోయాడు. నాలుగింటికి. తొట్టి సంగతి బయటపడిందని వాళ్లకు మూడింటికి తెలిసింది."

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తాష్‌బులాక్‌లో నూట నలభై ఇళ్లకూ గొర్రెలు మిగిలాయి. ఎనిమిది నెలలకు ఆ ముఠా ఇంకో పేరుతో, ఇంకో దేశం చిరునామాతో, తాష్‌బులాక్ మాంసాన్ని ఎగుమతి చేసే కంపెనీలో నలభై శాతం వాటా బహిరంగంగా కొనుక్కుంది. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు. ప్రారంభ విందులో గొర్రె తల వాళ్ల ప్రతినిధి ముందే పెట్టారు. అతను దాన్ని ఫోటో తీసుకున్నాడు.

కెన్జెబెక్ నెలకోసారి జైలుకు వెళ్తాడు. ఆల్దియార్ ఇప్పుడు ఒక్క భాషే మాట్లాడతాడు, అదీ తక్కువ.

"నేను నోరు విప్పకముందే పోయాడు కదూ?" అని ప్రతిసారీ అడుగుతాడు. "నా వల్ల కాదు కదూ తమ్ముడూ?"

"పొద్దునే పోయాడన్నా" అంటాడు కెన్జెబెక్.

నాలుగింటి సంగతి అతనికి ఇంకా చెప్పలేదు.