ఎవరినీ పోనివ్వని తోట

వేగులకోన రాజ్యంలో ఆ ఏటి కార్తీకం ఏడుపులతో మొదలైంది. పిల్లలూ, మీరు నమ్మరు గాని, ఆ ఏడుపులన్నిటికీ కారణం ఒక కమ్మని భోజనం!

సంగతేమిటంటే, కార్తీకమాసంలో ఆ ఊరివాళ్ళు వనభోజనాలకు వెళ్తారు. ఎప్పుడూ రాజుగారి ఉసిరితోటకే. ఈసారి పెద్ద రాకుమారి కనకాంగి, "ఎప్పుడూ అదే తోటా? కొండ అవతల పాత బౌద్ధారామం ఉందట, చూసొద్దాం" అని పట్టుబట్టింది. చెలికత్తెలు ఊరుకుంటారా? తెల్లవారగానే బండ్లు కట్టించారు. వెనకటికి భిక్షువులు కొండను తొలిచి చేసుకున్న విహారం అది. దాని చుట్టూ ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పోయని తోట. మల్లెలు, చేమంతులు, మామిడిపళ్ళు అన్నీ ఒక్కసారే కనిపించాయి. ఒక ముసలవ్వ ఎదురొచ్చి, విస్తళ్ళు వేసి, కొసరి కొసరి వడ్డించింది. అందరూ సుష్టుగా తిని, సాయంత్రానికల్లా నవ్వుకుంటూ ఇళ్ళకు చేరారు.

మర్నాడు కనకాంగి మంచం దిగి నిలబడితే పాదాలు కదల్లేదు. అరికాళ్ళలోంచి సన్నని వేళ్ళు దిగి, నేలబండల సందుల్లోకి పాకుతున్నాయి. మడమల మీద బెరడు కట్టింది. జడలో చిగుళ్ళు మొలిచాయి. రాజవైద్యుడు ఒక చిగురు తుంచి చూస్తే నెత్తురు చిమ్మింది. చెలికత్తెల ఇళ్ళలోనూ అదే గోల. ఆ ముసలిదాన్ని పట్టి తెమ్మని రాజు చంద్రపాలుడు సైనికులను పంపితే, ఆ మహానుభావులు కూడా కడుపునిండా తినే వచ్చారు! ఏం చెబుతాం వాళ్ళ తెలివి? వాళ్ళూ కోటవాకిట్లో మానుల్లా నిలబడిపోయారు.

రోజురోజుకీ పాకుతూ కనకాంగి ఒంటి మీద బెరడు నడుము దాటింది, ఛాతీ దాటింది. "ఇవాళ పొద్దు గుంకేసరికి గొంతు దాకా వస్తుంది మహారాజా. ఆపైన ఊపిరాడదు" అని వైద్యుడు తల దించుకున్నాడు.

చిన్న రాకుమారి నీలవేణి అక్క చేయి పట్టుకుంది. తల్లి లేని పిల్ల అది. అక్కే అన్నం కలిపి పెట్టి పెంచింది.

"చెల్లీ, ఆ తోట నన్ను పిలుస్తోందే. నాకు భయంగా ఉంది" అంది కనకాంగి.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. నేను వెళ్ళి అడుగుతా" అంది నీలవేణి.

తండ్రి వద్దని కేకలేస్తూనే ఉన్నాడు. గుర్రం అప్పటికే కోటగుమ్మం దాటేసింది.

అడవిలో పిట్ట కూత లేదు. గాలి కూడా లేదు. సగం దారిలో గుర్రం నిలబడిపోయి ఇక కదలనంది. చూస్తే, దారికి అడ్డంగా తాటిమానంత కొండచిలువ!

"పిల్లా, నీకు భయంగా ఉందా?" అని అడిగింది అది.

"ఉంది. అయినా వెళ్ళాలి."

"లేదన్నవాళ్ళను మింగుతుంటాను. బడాయి మాటలు వింటే నాకు ఆకలెక్కువ" అంటూ కొండచిలువ బద్ధకంగా పక్కకు జరిగింది. "కాని ఆ తోటలో నేను అడుగు పెట్టను. అక్కడ పువ్వు వాడదు, ఆకు రాలదు, పురుగు చావదు. అదేం చోటో నాకు అర్థం కాదు. గుర్రాన్ని ఇక్కడే వదిలెయ్, పాపం."

నీలవేణి నడిచే వెళ్ళింది. విహారం మెట్ల దగ్గర ఒక రాతి సింహం ఉంది. దాని కళ్ళ కింద నీటిచారలు.

"నువ్వు వేగులకోన పిల్లవా?" అంది సింహం. "మీ ఊరివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీ తాతల తాతల నాడు మీ ఊళ్ళో మశూచి పడింది. సొంతవాళ్ళే రోగుల్ని వదిలేసి పారిపోతుంటే, ఇక్కడి భిక్షువులు సేవ చెయ్యడానికి వెళ్ళారు. ఊరు బతికింది. వాళ్ళలో ఒక్కరూ బతకలేదు. ఈ తోట చూసుకునే యక్షిణికి ఆ మాట చెప్పడానికి మీలో ఒక్కడైనా వచ్చాడా? 'మేం వచ్చేదాకా వచ్చినవాళ్ళకు అన్నం పెట్టు' అని వాళ్ళు చెప్పి వెళ్ళారు. ఆమె ఇంకా పెడుతూనే ఉంది."

"నువ్వు చెప్పలేకపోయావా?"

సింహం తల తిప్పుకుంది. "నాకు నోరు రాలేదు తల్లీ."

నీలవేణి లోపలికి వెళ్ళింది. ఎంత అందమైన తోటో, అంత గుండె జారే తోట. ప్రతి చెట్టు మొదట్లోనూ ఒక మనిషి ముఖం ఉంది. ఒకదానికి బుర్రమీసాలు కూడా ఉన్నాయి. ఆ కళ్ళన్నీ ఆమె వెంటే తిరిగాయి గాని, ఒక్క నోరూ పెగల్లేదు. విహారం వసారాలో వరసగా విస్తళ్ళు వేసి ఉన్నాయి. వాటిలో అన్నం పొగలు కక్కుతోంది. తినేవాళ్ళు లేరు.

"వచ్చావా బంగారూ! ఎండన పడొచ్చావు, కాళ్ళు కడుక్కో" అంటూ అవ్వ రూపంలో ఉన్న ఆ యక్షిణి వచ్చింది. పనసపొట్టు కూర వాసనకు నీలవేణి నోట్లో నీళ్ళూరాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మరి.

"అవ్వా, మా అక్క ఇక్కడ భోంచేసి వెళ్ళింది. చెట్టయిపోతోంది. దాన్ని వదిలెయ్యి."

"నేనేం చేశానే తల్లీ? తిన్నాక విస్తరి తనవైపే మడిచింది. మళ్ళీ వస్తానని మాటిచ్చినట్టే కదా! వేళ్ళు దిగితే మాట తప్పదు. అక్కడ వాడిపోయి, ఇక్కడ మొలుస్తుంది. ఇక నన్ను వదిలి పోదు" అని అవ్వ నవ్వింది.

నీలవేణి వసారాలోని విస్తళ్ళ వైపు చూసింది. నిజమే, శుభకార్యాల్లో తిన్నవాళ్ళంతా ఆకును తమవైపే మడుస్తారు, ఆ చుట్టరికం నిలవాలని. అవతలివైపు మడిచేది ఒక్క చావు భోజనంలోనే, అలాంటిది మళ్ళీ రాకూడదని. మరి ఆ భిక్షువులు పోయినప్పుడు ఈ తోటలో చావు భోజనం ఎవరు పెట్టారు, ఎవరు తిన్నారు?

"అవ్వా, నువ్వు ఎదురుచూస్తున్న భిక్షువులు ఇక రారు. మా ఊరిని బతికించి, వాళ్ళు చనిపోయారు."

ఆ మాటతో పట్టపగలే చీకటి పడింది. నేలలోంచి వేళ్ళు లేచి నీలవేణిని మోకాళ్ళ దాకా, నడుము దాకా చుట్టేశాయి.

"అబద్ధం! అబద్ధమని చెప్పు! వదిలేస్తాను" అని అవ్వ అరిచింది. ఆ అరుపుకు కొండ అదిరింది.

ఒక్క అబద్ధమాడితే ప్రాణం దక్కుతుంది. నీలవేణి ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.

"మా అమ్మ పోయినప్పుడు నాకెవరూ చెప్పలేదు అవ్వా. ఊరెళ్ళిందన్నారు. గుమ్మంలో కూర్చుని దారి చూసేదాన్ని, అన్నం సహించేది కాదు. చివరికి అక్కే చెప్పింది. ఆ రోజు దాని ఒళ్ళో పడి ఏడ్చాను. ఆ రాత్రే నాకు నిద్ర పట్టింది. నీకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. అది మా ఊరి తప్పు. మమ్మల్ని క్షమించు."

గొంతు దాకా వచ్చిన వేళ్ళు ఆగాయి.

"అందరూనా?" అంది అవ్వ.

"అందరూ."

"ఆ చిన్నాడు కూడానా? మీసమైనా రాలేదే వాడికి!"

"వాడు కూడా అవ్వా."

అవ్వ నేల మీద కూలబడి, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వేళ్ళు సడలిపోయాయి. నీలవేణి ఆమె పక్కన కూర్చుని కన్నీళ్ళు తుడిచింది. తరువాత ఇద్దరూ భిక్షువుల పేరు చెప్పుకుని, ఆ విస్తళ్ళ ముందు కూర్చుని అన్నం తిన్నారు. అన్నేళ్ళుగా వండి వడ్డించిన అవ్వ తను తినడం అదే మొదలు. తిన్నాక ఇద్దరూ ఆకులను అవతలివైపుకు మడిచారు.

అప్పుడు తోటలో మొట్టమొదటిసారి ఒక పువ్వు రాలింది. ఆ వెంటే వానలా రాలాయి. బెరడ్లు విచ్చుకుని మనుషులు తూలుకుంటూ బయటికి వచ్చారు. బుర్రమీసాలాయన అయితే, "నా గొడుగేదీ?" అని వెతుక్కోవడం మొదలుపెట్టాడు!

నీలవేణి కోటకు చేరేసరికి పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. కనకాంగి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి చెల్లెలిని వాటేసుకుంది. మరుసటి ఏడు కనకాంగి రాణి అయింది. ఆమె వేసిన మొదటి ఆజ్ఞ ఏమిటో తెలుసా? ఏటేటా వేగులకోన వాళ్ళంతా వంటలు చేసుకుని ఆరామానికి వెళ్ళాలి, అవ్వను కూర్చోబెట్టి తామే వడ్డించాలి. భిక్షువుల కథ పిల్లలందరికీ ఉన్నదున్నట్టు చెప్పాలి.

అలాగే వెళ్తారు. పగలంతా ఆ తోటలో పాటలు, ఆటలు, కథలు. నీడలు సాగగానే అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అందరినీ అదిలిస్తుంది. "పొద్దుపోతోంది, ఇంకా ఏమిటర్రా ఆటలు? ఇళ్ళ దగ్గర మీకోసం చూస్తుంటారు, బయల్దేరండి!"

చివరి బండి మలుపు తిరిగేదాకా మెట్ల మీద నిలబడి చూసి, ఆమె లోపలికి వెళ్ళి హాయిగా నిద్రపోతుంది.