ఆరువేల నూట డెబ్బై నాలుగు

చంద్రుడి మీది సోమపురిలో ఎవరి తలుపు కీ వారికే తెలుసు. తెరిచిన ప్రతిసారీ మారుతాళం తన నాలుగంకెల కీని తానే మార్చుకుని, కొత్తది యజమాని చేతిపట్టీ మీద మాత్రమే చూపిస్తుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతినే ఇవాళ అది విత్తనాల గదిలో బంధించేసింది. గాలి పంపు బాగుచేద్దామని మెకానిక్ ఓబులేసుతో లోపలికొస్తే, కరెంటు పోయి వచ్చేసరికి తలుపు మూసుకుంది. గది యజమాని వాళ్లకోసం తలుపు తెరిచిపెట్టి భూమికి వెళ్లే ఓడ ఎక్కేశాడు, మాట అందదు.

"ఇరవై నిమిషాల ఆక్సిజన్ ఉంది," అంది తాళం, ఎంతో మర్యాదగా. "కీ చెప్పండి. తప్పయితే గంటదాకా మళ్లీ వినను."

"దీని నోట్లో మన్ను పడ! చేసింది మీరే కదా మేడమ్, మీకే తెలీకుంటే ఎట్లా?"

"నాకు తెలిస్తే అది తాళమెలా అవుతుందయ్యా!" హైమవతికి ఏడుపొచ్చేలా ఉంది.

"పోనీ, ఎట్లా మారుతుందో చెప్పండి."

చెప్పడానికి ఆవిడకు సిగ్గేసింది, అయినా చెప్పింది. కీ అంకెలు కూడితే చివరికి తొమ్మిదే రావాలని, లేకపోతే అచ్చిరాదని ఊరంతా పట్టుబట్టింది. అందుకని సులువైన లెక్క పెట్టింది. కీలోని అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, అందులోంచి చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చింది తీసేయాలి. మిగిలిందే కొత్త కీ. మొత్తం ఎప్పుడూ తొమ్మిదికే చేరుతుంది. రెండు మార్పులు చూసి, భేషుగ్గా ఉందని సంతకం పెట్టేసింది.

ఓబులేసు గోడ మీది చెమ్మలో వేలితో తోచిన అంకెలు రాశాడు. 3524. 5432 లోంచి 2345 పోతే 3087. తర్వాత 8352. ఆ తర్వాత 6174. ఇంకోసారి చేశాడు. 7641 లోంచి 1467 పోతే మళ్లీ 6174. చటుక్కున మోచేత్తో తుడిచేశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు మేడమ్. లెక్క తప్పింది."

తప్పలేదని ఆవిడకూ తెలుసు. ఆరు నెలలుగా ఆవిడ ఇంటి కీ అదే. కన్నతల్లినని తాళానికి తనమీద ప్రేమనుకుని, ఎవరికీ చెప్పకుండా మురిసిపోతోంది. ఇప్పుడూ నోరు విప్పలేదు. ఊరికే ఉండలేక 2005తో మొదలుపెట్టింది. ఏడో అడుగులో అదీ అక్కడికే వచ్చింది. నాలుగూ ఒకటే అంకె అయితే తప్ప ఏదీ తప్పించుకోదు, చేరాక ఇక కదలదు. ఈ తలుపేమో వందలసార్లు తెరుచుకుంది.

"నాలుగు నిమిషాలు," అంది తాళం.

"ఓబులేసూ, మీ ఇంటి కీ ఎంత?"

"అది అడగొద్దు మేడమ్! చెబితే కలిసిరాదని మా ఆడమనిషి ఒట్టేయించుకుంది."

"ఆరుతో మొదలా?"

అతను నోరు తెరిచాడు. "మీదీనా?"

ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. ఓబులేసు కళ్లు మూసుకుని, ఉన్న శక్తంతా పెట్టి, "ఆరు, ఒకటి, ఏడు, నాలుగు!" అని అరిచాడు.

తలుపు తెరుచుకుంది.

బయట నలభై మంది ఉన్నారు. లోపలి మాటలు మైకులో వింటూనే ఉన్నారు. తోచిన అంకె ఏదైనా చెప్పండని సెక్యూరిటీ వాళ్లు చేతులు పట్టుకుని బతిమాలారు. అందరి ఇళ్ల కీ అదే. ప్రతివాళ్లూ అది తమ ఒక్కరి అదృష్టమే అనుకున్నారు. ఒక్కరూ పెదవి విప్పలేదు.

ఓబులేసు భార్య గంగులమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి మొగుణ్ని గట్టిగా పట్టుకుంది.

"అందరికీ ఇనబడేట్టు అరిస్తివే! ఇంక మన ఇల్లు ఏం గాను?" అంది చెవిలో.

ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి.