చూస్తం అన్న మాట

"ఈ కోట నుంచి చర్చి దాకా సొరంగం ఉన్నదంట," అన్నది నిస్సి.

మెదక్ కోట ఏనుగుల దర్వాజ మీది శిల్పాల నుంచి చూపు మరల్చి, గిడియోన్ దిగువన మెరుస్తున్న చర్చి గోపురాన్ని పరిశీలనగా చూశాడు.

"కోట కట్టిన నాడు చర్చే లేదు గదా. సొరంగం ఎటు తవ్విండ్రు?"

"ముందుచూపు ఉండె వాళ్ళకు."

నవ్వు ఆపుకోవడానికి అతడు పడిన శ్రమను ఆమె గమనించింది.

అతడు నర్సాపూర్‌లో నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాడు. ఆమె మెదక్‌లో బడిపిల్లలకు సోషల్ చెబుతుంది. సంబంధం మాట్లాడటానికి కూడిన పెద్దలు కొండ కింద టీ కొట్టు దగ్గర కూర్చొని, ఇద్దరినీ కోట చూసి రమ్మన్నారు. దిగిరాగానే జవాబు చెప్పాలి.

ఇదివరకు సంబంధానికి వచ్చినవాళ్ళు ఆమె మాట్లాడుతుంటే ఫోన్లు చూసుకున్నారు. ఇతడు ప్రతి మాటకూ ప్రశ్న వేస్తున్నాడు. విసుగు కలగవలసింది, కలగలేదు. ఇతడు అవునంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

"ఈ ఫిరంగి పేలిస్తే అంత దూరం ఏడుపాయల గుడి దాకా ఇనపడేదంట."

"ఎవరు విన్నరు?"

"ఏడుపాయల్ల ఉన్నోళ్ళు."

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ దర్వాజ కిందికి చేరారు. నిస్సి తన చున్నీ అంచు వైపు చూస్తూ అడిగింది: "కిందికి పోయినంక మావోళ్ళకు ఏం చెప్పాలె?"

"చూస్తం అని చెప్పుండ్రి."

ఆమె విసురుగా వానలోకి నడిచింది.

"జర ఆగుండ్రి. తడుస్తరు."

"తడిస్తే మీకేంది? చూస్తమన్నరు గదా."

"అవును. నర్సాపూర్ అడవి పార్కుల వాచ్‌టవర్ ఉన్నది, ఇటు పోచారం చెరువున్నది. అవి ఇద్దరం కలిసి చూస్తం అని నేనన్నది."

నిస్సి ఆగి వెనక్కి తిరిగింది. "సంబంధాల కాడ చూస్తం అంటే వద్దని. తెల్వదా?"

"ఆధారమేంది?"

"మీకు ముందొచ్చినోళ్ళందరు గా మాటనే అని పోయిండ్రు."

గిడియోన్ తల ఊపాడు. ఆధారం బలంగానే ఉంది.

"అయితే నాదే తప్పు," అన్నాడు తానూ వానలోకి వస్తూ. "మీరంటే నాకు ఇష్టమే. సొరంగం మాత్రం నమ్మను."

టీ కొట్టు దగ్గర ఆమె తండ్రి లేచి నిలబడ్డాడు. "ఏమంటవు బిడ్డా?"

"చూస్తం నాయినా."

ఆయన ముఖం వాడిపోయింది.

"వచ్చే ఆదివారం, చర్చి అయినంక, నర్సాపూర్ అడవి. ఇద్దరం," అన్నది నిస్సి. తండ్రికి అర్థమయ్యేలోగా గిడియోన్ వైపు తిరిగింది. "గాడ గూడ ఒక సొరంగం ఉన్నదంట."

"చూస్తం," అన్నాడతడు.