ఆపరేషన్ ఇప్పనూనె

"జైలీన్ అంటే ఏమిటో తెలుసా?" అన్నాడు చీఫ్.

"పెట్రోలుకు దగ్గరి చుట్టం," అన్నాడు ఏజెంట్ జంపయ్య.

చీఫ్ నవ్వలేదు. "రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూడాలంటే ముందు జైలీన్‌లో ముంచి తేటపరచాలి. దాని ఆవిరి పీల్చేవాళ్ల గతి ఎవరికీ పట్టదు. పాల్వంచలో రుక్మిణి అనే ల్యాబ్ టెక్నీషియన్ దాని బదులు ఇప్పనూనె వాడుతోంది. గురువారం ఢిల్లీ కమిటీ ముందు డెమో. జైలీన్ అమ్మే విదేశీ ముఠా దాన్ని చెడగొట్టబోతోంది. ముఠాలో మన ఏజెంట్ ఉంది. పేరు పూలి. ఇప్పుడామె ఎవరి మనిషో మాకే తెలియదు."

అది 1986 డిసెంబర్.

జంపయ్య మైక్రోస్కోప్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. జైలీన్ వాసనకు కణతలు అదిరాయి. రుక్మిణి వేళ్లు పగిలి ఉన్నాయి.

"తల తిర్గి రెండుసార్లు పడ్డ, మేస్త్రీ," అంది. "మాస్కు అడిగితే కిటికి తెర్వమన్నరు. ఇగ ఆ సీసా ముట్ట. రేపు ఓడితే నౌకరి పోతది. పోనీ."

"భయం లేదా?"

"ఉంది. అయితే ఏంది?"

భయాన్ని దాచుకోవడమే వృత్తిగా బతికిన జంపయ్యకు ఆ జవాబు లోపలెక్కడో గుచ్చుకుంది.

గురువారం ఉదయం డెమో హాల్లో పట్టుచీర, నల్లద్దాలతో పూలి ఎదురైంది. వెనకే ఆమె బాస్, తెల్ల సూటు దొర.

"పర్ణశాలకు బస్సుందా?" జంపయ్య కోడ్ విసిరాడు. 'లాంచీలో పోండి' అని జవాబు రావాలి.

"నన్నేం అడుగుతవ్, మెకానిక్ సాబ్? నాకు కారుంది."

కోడ్ తప్పింది. అమ్ముడుపోయింది, అనుకున్నాడు.

కమిటీ శాలువాలు కప్పుకుని కూర్చుంది. బల్ల మీద మేక కాలేయం ముక్క, వేడినీళ్ల గిన్నె, నూనె సీసా. అందరూ రుక్మిణిని చూస్తున్నారు. దొర ఒక్కడే సీసాను చూస్తున్నాడు. మనిషి చూపు తను చేసిన తప్పు దగ్గరికే వెళుతుంది.

రుక్మిణి కమిటీ వైపు చూస్తూనే సీసా ఎత్తింది. లోపల నూనె నీళ్లలా కదిలింది.

జంపయ్య మనసుకన్నా ముందు ఒళ్లు గుర్తుపట్టింది. సొంతూరు పినపాకలో చలికాలం గడ్డకట్టిన ఇప్పనూనెను అమ్మ చెంచాతో గీకి, పొయ్యి దగ్గర కరిగించేది. వేడినీళ్లలోకి దిగితే అసలూ నకిలీ ఒక్కలాగే ఉంటాయి.

సీసా అడుగు నీటిని తాకబోయింది. జంపయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగమ్మా. ఇంత చలిలో నూనె పేరుకోలేదేంది?"

రుక్మిణి సీసా వంచి చూసింది. "గిది నాది కాదు."

దొర చెయ్యి కోటులోకి పోయింది. అప్పటికే పూలి పిస్టల్ అతని చెవికి ఆనింది. "కూసో, దొరా." రెండో చేత్తో హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మరో సీసా తీసింది. అందులో నూనె నెయ్యిలా గడ్డకట్టి ఉంది.

రుక్మిణి దాన్ని కరిగించి పని పూర్తిచేసింది. కమిటీ పెద్ద మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూశాడు. "జైలీన్ ఆర్డర్ ఆపండి," అన్నాడు.

బయట జంపయ్య అడిగాడు. "కోడ్ ఎందుకు తప్పావు?"

"దొర వెనకాలనే ఉండె గద. సీసా మార్చినప్పుడు గూడ చూస్తుండె. ముక్కను చెడగొట్టే మందు ఆయనిస్తే కలిపిన. నూనె మాత్రం చలికి పేరుకోని పల్లినూనె పోసిన, నువ్వు గుర్తువడ్తవని. ఏ నూనె అని ఆయన అడగలే."

"నేను గుర్తుపట్టకపోతే?"

పూలి నల్లద్దాలు సర్దుకుంది. "నువ్వు నిజంగనే మెకానిక్‌వి అనుకుందు."