పదకొండు ప్రశ్నల చీటీ

డాక్టరుగారి గదిలో నోరు పెగలని వాళ్ళందరికీ పద్నాలుగు మెట్లు దిగి కింద మందుల షాపుకి రాగానే మాటలొచ్చేస్తాయి. పైన ఆయనకి "అలాగేనండి" అని దణ్ణం పెట్టి, కిందకొచ్చి షాపతన్ని అడుగుతారు, "బాబూ, ఇంతకీ నాకేమొచ్చింది?"

షాపతనికి ఈ జనమంటే మహా చులకన. ఫ్రిజ్ కొనేటప్పుడు సేల్స్‌మన్‌కి చెమటలు పట్టేదాకా అడుగుతారు. కడుపు కోస్తానంటే మాత్రం "మీ ఇష్టమండి" అంటారు.

ఆ బుధవారం మేష్టారూ, వాళ్ళమ్మాయీ దిగారు. మేష్టారు ముప్పై ఐదేళ్ళు క్లాసులో బెత్తం ఆడిస్తూ "డౌట్లుంటే అడిగి చావండ్రా" అని అరిచి రిటైరైన మనిషి. అమ్మాయి నాలుగు నెలలుగా ఆయన బీపీ మాత్రల కోసం వస్తోంది. వచ్చినప్పుడల్లా షాపతను ఒకటి అడుగుదామనుకుంటాడు. చివరికి "రోజుకొకటి, తిన్నాక" అని కవరు చేతికిస్తాడు.

ఆమె ఒక చీటీ మడతలు విప్పి కౌంటర్ మీద పరిచింది.

"పదకొండు ప్రశ్నలండీ. రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని రాశాం. ఒక్కొక్కటే చెప్పండి."

"పైన అడగలేదా?"

"డాక్టరుగారు బిజీగా ఉన్నారు."

"నేను ఖాళీగా కనబడుతున్నానా?"

"కనబడుతున్నారు."

నిజమే. నిమిషం నుంచి మాత్రల అట్ట తలకిందులుగా పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"సోమవారం నాన్నకి ఆపరేషన్. పిత్తాశయంలో రాళ్ళట. వేరే దేనికో స్కాన్ తీస్తే కనబడ్డాయి."

"నొప్పి ఎప్పట్నుంచి మేష్టారూ?"

"నొప్పా? నాకేం నొప్పి లేదే."

"డాక్టరుగారు అడగలేదా?"

"అడిగారు. అవునండీ అన్నాను."

"లేని నొప్పికా?"

"అంత పెద్దాయన అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది బాబూ? వాంతులకీ అవుననే చెప్పాను."

అమ్మాయి అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "నాన్నా."

"మీరు పక్కనే ఉన్నారుగా?" అన్నాడు షాపతను.

"నేను మధ్యలో మాట్లాడితే నాన్న చిన్నబుచ్చుకుంటారని..."

"బాగుంది. ఆయన మర్యాద, మీ మొహమాటం, మధ్యలో కత్తి." చీటీ మడిచి ఇచ్చేశాడు. "దీనికి నా దగ్గర మందు లేదు. పైకెళ్ళి ముందు నొప్పి లేదని చెప్పండి. తర్వాత ఈ ఏడో ప్రశ్న అడగండి, ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుందని."

"ఎంత తేలిగ్గా చెప్తున్నారండీ. ఎదురుగా మనిషి కూర్చుని మనవైపే చూస్తుంటే నోరు రాదు. మీకేం తెలుసు?"

షాపతను అట్ట తిన్నగా తిప్పి పెట్టాడు.

ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. బయట వాన మొదలైంది. అరగంటకి దిగారు.

"తిట్టారా?"

"లేదండీ. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు, కూర్చోండి అన్నారు. బొమ్మ గీసి మరీ చెప్పారు. నొప్పి లేకపోతే ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదట. నొప్పొచ్చినా, జ్వరమొచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే రమ్మన్నారు."

"పదకొండూ అడిగారా?"

"పద్నాలుగు. నాన్న మూడు కలిపారు."

మేష్టారికి అడగడం రుచి తగిలినట్టుంది. కౌంటర్ మీదికి వంగారు.

"ఒక్క డౌటు బాబూ. అందరి కవర్ల మీదా కోడి కెలికినట్టు రాస్తావు. మా కవర్ల మీద మాత్రం ముత్యాల కోవ, కింద స్కేలు పెట్టి రెండు గీతలు. ముప్పై ఐదేళ్ళు కాపీ బుక్కులు దిద్దినవాణ్ణి. ఎన్నాళ్ళ నుంచి ఈ బాధ?"

"నాలుగు నెలలండీ."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"మొహమాటానికి అవునంటున్నావా?"

"ఉన్నదే చెప్తున్నానండీ. మీ అమ్మాయంటే నాకిష్టం."

అమ్మాయి వానని శ్రద్ధగా చూసింది. కాసేపటికి చీటీ వెనక్కి తిప్పింది.

"పెన్నివ్వండి."

"ఎందుకండీ?"

"నాకూ కొన్ని అడగాల్సినవి ఉన్నాయి. రాసుకోకపోతే నోరు రాదు. నాన్నా, మీరలా ఫ్యాను కింద కూర్చోండి."

ఒకటో నంబరు వేసి, చెవి వెనక జుట్టు సర్దుకుంది. అంతలో మెట్లు దిగి ఒకాయన వచ్చాడు.

"బాబూ, ఇంతకీ నాకేమొచ్చిందంటావ్?"

"పైకెళ్ళి అడగండి," అన్నాడు షాపతను, ఆమె పెన్ను మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇక్కడ నన్నే అడుగుతున్నారు."