కాకిగుట్ట మీద ఈల

చీకటి పడ్డాక కాకిగుట్ట మీదుగా ఎవరూ రారు. మోయెల్ వ్రాన్ అని మా భాషలో దాని అసలు పేరు. దగ్గర దారి కదా అని ఎవరైనా అటు బయల్దేరితే మా ఊరి ఆడవాళ్ళు వద్దని కూడా అనరు... ఓసారి ముఖంలోకి చూసి ఊరుకుంటారు. అంతే. ఆ మనిషి నాలుగు మైళ్ళు ఎక్కువైనా రోడ్డు పట్టుకునే పోతాడు.

యుద్ధం రోజుల్లో, నలభై మూడు జనవరిలో, ఆ గుట్టని ఒక బాంబర్ విమానం గుద్దుకుంది. జర్మనీ మీదికి పోతున్నది కాదు. శిక్షణ విమానం. అందులో ఆరుగురు కుర్రాళ్ళు... చీకట్లో మ్యాపు చూసుకుంటూ దారి కనుక్కోవడం నేర్చుకుంటున్నారు. దారి తప్పారు. కింద సముద్రమే ఉందనుకుని మబ్బులోంచి దిగారు. కింద ఉన్నది మా గుట్ట.

యుద్ధం మొహం కూడా చూడకుండా, పాఠం దగ్గరే పోయారు.

మర్నాడు ఊరివాళ్ళు మంచులో ఎక్కి చూస్తే నలుగురు లోపలే పోయి ఉన్నారు. ఐదోవాడు, తోక దగ్గర తుపాకీ చూసుకునే కుర్రాడు, బయట ఓ బండ పక్కన ఉన్నాడు. ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బ లేదు. చలికి పోయాడు. పళ్ళ మధ్య ఈల ఉంది — విమానం వాళ్ళ కాలరుకి కట్టి ఇస్తారే, ఆ ఈల. ఆరోవాడికి కొనఊపిరి ఉంటే మిలటరీ వాళ్ళు మోసుకుపోయారు. దారిలోనే పోయాడని తర్వాత విన్నాం.

అప్పట్నుంచీ గుట్ట మీద ఈల వినిపిస్తుంది. పొగమంచు పట్టిన సాయంత్రాల్లో... మూడుసార్లు, సాగదీసి. ఆగుతుంది. మళ్ళీ మూడుసార్లు.

నమ్మనివాడు ఊరంతటికీ ఒక్కడే — ఇద్వల్ బాబాయి. మా నాన్నకి వరసకి తమ్ముడు, మా చిన్న చర్చి చాపెల్లో పెద్దమనిషి. విమానం రేకులూ గొట్టాలూ ఇంకా అక్కడే పడి ఉన్నాయి, వాటిలో గాలి దూరి కూస్తోంది, దానికింత గోలెందుకు అనేవాడు. ఎవరూ అడక్కపోయినా అనేవాడు. ఎందుకలా పనిగట్టుకుని అంటాడో మాకెవరికీ తట్టలేదు.

యాభై నాలుగు డిసెంబరులో ఆయన గుట్ట అవతల ఒక పొట్టేలుని చూడ్డానికి వెళ్ళాడు. బేరం కుదరలేదు. బయల్దేరేసరికి నాలుగు దాటింది, డిసెంబరులో మాకది చీకటే. పొగమంచు పడుతోంది, రోడ్డు మీదుగా వెళ్ళమని పొట్టేలు యజమాని చెప్పాడట. పదకొండేళ్ళుగా గాలి, గొట్టాలు అని చెప్పిన మనిషి ఇప్పుడు రోడ్డెలా పట్టుకుంటాడు? మోట్ అని ఆయన గొర్రెల కుక్క. దాన్ని తీసుకుని గుట్టెక్కాడు.

ఇక్కణ్ణుంచి ఆయన నోట నేను విన్నదే చెప్తున్నాను.

పైకెక్కేసరికి చేతికర్ర చివర కనపడనంత మంచు. అడుగుల చప్పుడు కూడా మంచు తాగేస్తోంది. ఇంకో పావుగంటలో దిగువ దారి అందుతుందనగా...

ఈల.

మూడుసార్లు. సాగదీసి.

ఆగిపోయాడు. గాలేమో అనుకుందామంటే గాలి లేదు. ఆకు కదిలేంత కూడా లేదు.

మళ్ళీ మూడుసార్లు... ఈసారి ఇంకా దగ్గరగా.

బాబాయి పరిగెత్తాడు. కర్ర ఎక్కడ పడిందో తెలీదు, టోపీ ఎక్కడ పోయిందో తెలీదు. చాపెల్లో అంతమందికి ధైర్యం చెప్పే మనిషి, ఒక్క ప్రార్థన కూడా నోటికి రాలేదట. రాతిగోడ అడ్డం తగిలాక ఆగి, దాన్ని పట్టుకుని రొప్పుతూ చూస్తే — పక్కన కుక్క లేదు.

ఈల వేస్తే పరిగెత్తుకు రావాలని దానికి తనే నేర్పాడు. అది ఈల దగ్గరికే పోయింది.

"కుక్క కోసమే వెనక్కి వెళ్ళాను," అన్నాడు నాతో. "మనిషి కోసం వెళ్ళానని చెప్పుకోను."

ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళాడు. మంచులో ముందు మోట్ తోక కనిపించింది, ఊపుతోంది. దాని పక్కన, రేకుల కుప్పకి ఆనుకుని, ఎవరో కూర్చుని ఉన్నారు. బొచ్చు కాలరు ఉన్న తోలు కోటు. విమానం వాళ్ళ కోటు. కనుబొమల మీద మంచు గడ్డకట్టింది. పెదాలు నల్లగా ఉన్నాయి, పెదాల మధ్య ఈల.

ఆ ఆకారం నోట్లోంచి ఈల తీసింది. తల ఎత్తింది.

"దారి తప్పాను," అంది ఇంగ్లీషులో, గొణుగుతున్నట్టు.

కుక్క ఆ మనిషి ఒళ్ళో మూతి పెట్టేసింది. దెయ్యానికి ఒడి ఉంటుందా, కుక్కకి వెచ్చగా తగులుతుందా అని ఒక్క క్షణం ఆలోచించి, బాబాయి వంగి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగానే ఉంది... కానీ నాడి కొట్టుకుంటోంది.

అతని పేరు లోర్న్ ట్వీడీ. కెనడా అతను. పోయాడని మేమంతా అనుకున్న ఆరోవాడు. ఆరు నెలలు ఆసుపత్రిలో ఉండి బతికాడు, బతికాడని మాకు ఉత్తరం రాయాలని ఎవరికీ తోచలేదు. తన వాళ్ళు పోయిన చోటు ఒక్కసారి చూడాలని ఓడెక్కి వచ్చాడు. దిక్సూచి ఉంది, మ్యాపు ఉంది. మధ్యాహ్నం నుంచీ గుట్ట మీద తిరుగుతూనే ఉన్నాడు. మంచులో జారి కాలు మడతపడింది. ఇక లేవలేక, కోటు జేబులో పాత ఈల ఉంటే తీసి ఊదాడు.

విమానంలో అతని పని ఏమిటో బాబాయి అడిగాడు.

"దారి చెప్పడం," అన్నాడు లోర్న్.

తర్వాత లోర్నే చెప్పాడు. ఆ రాత్రి తను రేకుల కింద ఇరుక్కుపోయి ఉన్నాడట. బయట కుర్రాడు ఈల ఊదుతుంటే వింటూనే ఉన్నాడట. ఎవరో ఒకరు వస్తారు, ఇంత గట్టిగా వినిపిస్తుంటే ఎవరో ఒకరు వస్తారు... అనుకుంటూ.

బాబాయి అతని భుజం కింద చెయ్యి వేసి లేపబోయి, ఆగాడు.

"నేను విన్నాను," అన్నాడు. "ఆ రాత్రి గొర్రెల్ని తోలుకుని కిందికి దిగుతున్నాను. పక్కవాడు కుక్కని పిలుస్తున్నాడని సర్దిచెప్పుకున్నాను. కాదని నాకు తెలుసు. భయమేసింది."

లోర్న్ ఆయన వంక చూశాడు.

"ఎన్ని గంటలకి?"

"ఏడు."

"మూడింటిదాకా ఊదాడు," అన్నాడు లోర్న్.

అంతే అన్నాడు. తిట్టలేదు, పోనివ్వండి అని కూడా అనలేదు. చెయ్యెత్తి బాబాయి మెడ చుట్టూ వేసి, లేపమన్నట్టు చూశాడు.

ఒకరి మీద ఒకరు పడుతూ, కుక్క ముందు నడుస్తుంటే, గంటన్నర పట్టింది దిగడానికి. లోర్న్ ఒళ్ళు వణకడం మానేసింది. వణుకు ఆగితే ప్రమాదమని గొర్రెలు కాసేవాళ్ళకి తెలుసు. మొదటి ఇంటి కిటికీలో దీపం కనపడగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది.

తలుపు కొట్టాడు.

దీపం ఆరిపోయింది.

ఆ ఇల్లు మాదే.

నేనూ మా ఆయన టెగ్విన్ తెర పక్కకి తీసి చూశాం. గుట్ట దారిన వచ్చి గుమ్మంలో రెండు ఆకారాలు, తెల్లగా, ఒకదాన్నొకటి పట్టుకుని. ఒకదానికి విమానం కోటు. ఇంకోదానికి టోపీ లేదు, జుట్టంతా మంచు. వాటి ముందు కళ్ళు మెరుస్తూ కుక్క... చావు కబురు తెచ్చే కుక్క గురించి మా నాయనమ్మ చెప్పిందంతా ఒక్కసారి గుర్తొచ్చింది. దీపం ఊదేసి, గడియ పెట్టి, ఇద్దరం బల్ల కింద దూరాం.

"నెస్టా..." అంది బయట గొంతు. "తలుపు తియ్యమ్మా. చలికి చచ్చిపోతున్నాం."

"చచ్చిపోతున్నాం ఏమిటి?" అన్నాడు టెగ్విన్ నా చెవిలో. "పదకొండేళ్ళయింది కదా."

ఇంకో మూడుసార్లు పిలిచింది. తర్వాత అడుగుల చప్పుడు, ఈడ్చుకుంటూ, దూరమైంది.

బాబాయి అతన్ని ఇంకో అర మైలు, పాస్టరు గారింటిదాకా, వీపు మీద మోసుకుపోయాడు. వాళ్ళు తలుపు తీశారు. లోర్న్ బతికాడు. ఎడమ కాలివి రెండు వేళ్ళు తీసేశారు. ఆ రెండు వేళ్ళూ ఆ చివరి అర మైలులోనే పోయాయో, అంతకుముందే పోయాయో, డాక్టరు చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ సంగతులేవీ నాకప్పటికి తెలియవు మరి. పొద్దున్నే కొట్టుకి పోయి, గుట్ట మీద దెయ్యాలు రెండయ్యాయని, ఒకటి నన్ను పేరు పెట్టి పిలిచిందని అందరికీ చెప్పాను. సాయంత్రానికి లోయంతా పాకింది.

ఆ మర్నాడు బాబాయి మా ఇంటికి వచ్చాడు. టీ పెట్టాను. ఇదంతా చెప్పాడు. గాలి మాట ఎత్తలేదు, గొట్టాల మాట ఎత్తలేదు. నా ముఖం పాలిపోవడం చూసి కప్పు కింద పెట్టాడు.

"నిన్ను అనడానికి నాకు నోరు లేదు," అన్నాడు.

తర్వాత ఊళ్ళో వాళ్ళకి నిజం చెప్పాను. ఒక్కొక్కరికీ, ఇల్లిల్లూ తిరిగి. నవ్వి తలాడించారు. భయపడి మాట మారుస్తున్నానన్నారు. కాకిగుట్ట మీద ఇప్పటికీ దెయ్యాలు రెండే. అందులో ఒకటి నాకు బాబాయి వరస.