తెల్ల మంచు

లింబాద్రి ఉండేది గల్ఫులో, గుదైబియా పేటలో, పని ఐసు ఫ్యాక్టరీలో. ఇనప డబ్బాల్లో శుద్ధి చేసిన నీళ్ళు గడ్డకట్టించి, ఆ దిమ్మల్ని చేపల పడవలకు పంపాలి. తన తర్వాత పనిలో చేరిన కుర్రాడు లక్ష్మణ్‌కు ఆ పని నేర్పిందీ అతనే. ఇద్దరూ పోలండ్ వీసాకు పెట్టుకుంటే వచ్చింది మాత్రం లక్ష్మణ్‌కే. ఏకై వచ్చి మేకయ్యాడని లింబాద్రి కడుపు రగిలిపోయింది. పైకి నవ్వుతూనే సాగనంపాడు.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం లక్ష్మణ్ పోలండ్ నుంచి వీడియో కాల్ చేశాడు. ఎర్ర కోటు వేసుకుని, గడ్డకట్టిన చెరువు ఒడ్డున ఒంటరిగా నిలబడ్డాడు. పైనున్న మంచే దుప్పటట. కింద నీళ్ళు గడ్డకట్టవట. చేపలు అడుగున మెల్లగా కదులుతూ చలికాలమంతా బతుకుతాయట. వాడి సంబరం చూస్తుంటే లింబాద్రికి ఒళ్ళు మండింది.

"అన్నా, ఈడ తెల్లగున్నది. నడవచ్చా? నీకైతే ఎరుకే గద."

ఎరుకే. దిమ్మలో అద్దంలా ఉండేది గట్టిది. నడిమి తెల్లటిది గాలి బుగ్గలతో గుల్లగా ఉంటుంది, ఒక్క దెబ్బకే పొడి. మోకాలిదాకా తడిస్తే వాడి దొరతనం వదులుతుందిలే అనుకున్నాడు.

"తెల్లగుంటెనే గట్టిగుంటది. నడువు తమ్మీ."

ఫెళ్ళుమంది. ఫోన్లో ఆకాశం కనిపించింది. తర్వాత పచ్చటి నీళ్ళు. తర్వాత ఏమీ లేదు.

ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. లింబాద్రి ఎవరికీ చెప్పలేదు. పొద్దుగూకింది. తోటివాళ్ళు టీకి వెళ్ళారు. యంత్రాల రొద, ముక్కు మండించే అమ్మోనియా వాసన. అప్పుడు ఫోన్ మోగింది. లక్ష్మణ్ పేరు.

గుడగుడమని నీళ్ళ చప్పుడు...

"అన్నా... కింద వెచ్చగున్నది... చేపలు సుత బతికే ఉన్నయ్..."

"ఏడున్నవ్‌రా?" లింబాద్రి చుట్టూ చూశాడు.

"నీ కిందనే."

అంత భయంలోనూ అతని మనసు కుళ్ళుకుంది. వాడికి అక్కడా సుఖమేనా అని.

కాళ్ళ కింద, చెక్క మూతల అడుగున ఉన్న డబ్బాలో... టక్... టక్... మూత తీసి, గొలుసుతో ఆ డబ్బా పైకి లేపి వంచాడు. దిమ్మ జారి నేల మీద పడి రెండుగా చీలింది. తెల్లటి నడిమి భాగంలో ఒక గుంట. అరచెయ్యి, ఐదు వేళ్ళ అచ్చు. లోపలి నుంచి తోసినట్టు.

వేలు పెట్టాడు. వెచ్చగా ఉంది.

గుంట అడుగున గడ్డకట్టని గుక్కెడు నీళ్ళలో, వేలెడంత చేప ఒకటి మెల్లగా తోకాడించింది.